మా కడుపు సర్కారు లెక్క పుస్తకం కాదు

2022 ఆగస్టు 25న ఇబ్రహీంపట్నం ప్రభుత్వ దవాఖానలో ఒక్కనాడే 34 మంది ఆడవాళ్ళకు పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేశారు. పొట్ట మీద చిన్న రంధ్రాలు పెట్టి, దుర్బిణి గొట్టం లోపలికి పంపి చేసే ఆపరేషన్ అది. దవాఖానోళ్ళు డీపీఎల్ అంటరు, మన వాడల్లో ల్యాప్రో ఆపరేషన్ అంటరు. వారం తిరగక ముందే ఆ 34 మందిలో నలుగురు చనిపోయారు. మిగతావాళ్ళను పరుగు పరుగున హైదరాబాదుకు, నిమ్స్‌కూ అపోలోకూ తీసుకపోయి చేర్చారు.

ఆ నలుగురికి ఏ రోగమూ లేదు. టీబీ లేదు, మలేరియా లేదు. పసిపిల్లలున్న తల్లులు. సర్కారు పిలిస్తే తమ కాళ్ళతో నడిచిపోయి, సర్కారు బల్ల మీద పండుకొని లేచి, ఇంటికొచ్చి కడుపునొప్పి, వాంతులతో చచ్చిపోయారు. "ఆపరేషన్ వికటించింది" అని పేపర్లు రాసినై. ఎవరి చెయ్యీ లేకుండా దానంతట అదే వికటించినట్టు! లోపల ఇన్ఫెక్షన్ సోకిందని ప్రభుత్వ విచారణే తేల్చింది. ఇన్ఫెక్షన్ ఆకాశం నుంచి రాదు. పరికరాలు, గది, చేతులు ఎట్లుండాల్నో అట్ల లేకపోతే వస్తది.

ఆ తర్వాత జరిగింది మనకు తెలిసిన కథే. కుటుంబానికి 5 లక్షలు, ఇల్లు ఇస్తామన్న మాట, పిల్లల చదువు బాధ్యత మాది అన్న మాట, దవాఖాన సూపరింటెండెంట్ సస్పెన్షన్, ఒక కమిటీ. నాలుగు రోజులు టీవీలల్ల మోగింది. ఆ తర్వాత ఎవరి పనిల వాళ్ళు పడ్డరు.

మర్పల్లిలో కూర్చున్న మాకు ఇబ్రహీంపట్నంతో ఏం పని అనొచ్చు. 2016 అక్టోబరులో వికారాబాద్ జిల్లా అయ్యేదాకా మర్పల్లి, ఇబ్రహీంపట్నం రెండూ రంగారెడ్డి జిల్లాలోనే ఉన్నయి. ఈ చివర మనం, ఆ చివర వాళ్ళు. ఒక్కటే కాలం, ఒక్కటే కూలి, ఒక్కటే తీరు ఇండ్లు. మన మాదిగ వాడల్లో, మాల వాడల్లో, తండాల్లో ఇద్దరు పిల్లలు పుట్టగానే "ఇగ ఆపరేషన్ ఎప్పుడు?" అనే మాట ఇంట్లోళ్ళ కంటే ముందు సర్కారోళ్ళ నోటి నుంచి వస్తది. ఇబ్రహీంపట్నంలో ఆ బల్ల మీద పండుకున్నది మన అక్కచెల్లెండ్లు కాకపోవడం మన అదృష్టమే తప్ప సర్కారు మనకు వేరే బల్ల వేసినందుకు కాదు.

మొదలే ఒక మాట తేల్చి చెప్పాలె. లేకుంటే, దళిత సంఘాలు కుటుంబ నియంత్రణ వద్దంటున్నయని రేపు ఊరంతా చాటుతరు. మేము ఆపరేషన్‌కు వ్యతిరేకం కాదు. పిల్లల్ని ఎప్పుడు కనాలో, ఎందర్ని కనాలో, ఇగ చాలని ఎప్పుడు అనాలో ఆడమనిషి చేతిలో ఉండాలన్నది మన ఉద్యమానికి కొత్త మాట కాదు. 1938లో బొంబాయి శాసనసభలో సంతాన నియంత్రణ సౌకర్యాలు ప్రభుత్వమే కల్పించాలని తీర్మానం పెట్టించింది బాబాసాహెబ్ అంబేద్కర్. ఆయన తరఫున పి.జె. రోహం ఆ తీర్మానాన్ని సభ ముందుంచాడు. సభ ఓడగొట్టింది. అంతకు పదేళ్ళ ముందు, 1928లో, అదే బొంబాయిలో కార్మిక స్త్రీలకు ప్రసూతి సెలవు, భత్యం ఇవ్వాలన్న బిల్లును సమర్థించింది కూడా ఆయనే. పిల్లలు చాలు అనే హక్కు, బాలింతకు కూర్చొని తినే హక్కు, రెండూ కలిపి అడిగిండు. మన సర్కార్లు మొదటిది మాత్రం పట్టుకున్నయి. అది కూడా హక్కుగా కాదు, టార్గెటుగా.

టార్గెటు అంటే ఏందో మన పెద్దలకు చెప్పనక్కర లేదు. ఎమర్జెన్సీ కాలంలో, 1976-77 ఒక్క సంవత్సరంలో, దేశంలో 80 లక్షలకు పైగా ఆపరేషన్లు చేశారు. అందులో ఎక్కువ మంది మగవాళ్ళు. బస్టాండుల్లో, బజార్లలో పట్టుకపోయి చేసిన కథలు ఇంకా చెప్పుకుంటరు. 1977 ఎన్నికల్లో ఇందిరాగాంధీ ప్రభుత్వం పడిపోవడానికి అదీ ఒక కారణం. అప్పటి సంది ఏ పార్టీ సర్కారైనా మగవాని జోలికి పోవడానికి భయపడ్డది. కత్తి ఆడదాని వైపు తిరిగింది. మగవాడు ఓటుతో కొట్టగలడు, ఆడది మాట్లాడదు అని లెక్క వేసుకున్నారు.

ఆ లెక్క ఎక్కడిదాకా వచ్చిందో చూడండి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ళ మధ్య ఉన్న పెళ్ళైన ఆడవాళ్ళలో వందకు 60 మందికి పైగా ఈ ఆపరేషన్ అయినవాళ్ళే. దేశం మొత్తం మీద అది 38 చుట్టూ ఉంది. మగవాళ్ళ ఆపరేషనో? దేశంలో వెయ్యికి మూడు. నిజానికి మగవాళ్ళదే తేలిక ఆపరేషన్. పొట్ట తెరవనక్కర లేదు, లోపల పేగులకు తాకే భయం లేదు, ఇప్పుడు కత్తి కుట్టు లేకుండా కూడా చేస్తరు. కరీంనగర్ దిక్కు ఒకప్పుడు మగవాళ్ళు పెద్ద ఎత్తున చేయించుకున్నరు, ఎవరి బలం తగ్గలేదు, ఎవరి నాగలి ఆగలేదు. మన సంఘాల్లో ఉపన్యాసాలు ఇచ్చే మగవాళ్ళను కూడా ఇక్కడ ఒక మాట అడగాలె: అన్నా, మీ ఇంట్లో ఆపరేషన్ ఎవరికి అయింది?

1996లో కేంద్ర ప్రభుత్వం టార్గెట్లు ఎత్తేశామని ప్రకటించింది. కాగితం మీద ఎత్తేసింది. కానీ డబ్బు పంచే తీరు చూస్తే టార్గెటు ఎక్కడికీ పోలేదని తెలుస్తది. 2007లో కేంద్రం ఈ ఆపరేషన్లకు ఇచ్చే పైసల లెక్క సవరించింది. మన రాష్ట్రం లాంటి చోట్ల ఎస్సీ, ఎస్టీ, దారిద్ర్యరేఖకు దిగువన ఉన్న ఆడమనిషికి సర్కారు దవాఖానలో చేసే ఒక్కో ఆపరేషన్‌కు మొత్తం 1000 రూపాయలు. అందులో ఆమెకు 600. ఒప్పించి తోలుకొచ్చిన వాళ్ళకు 150. మందులకు 100. ఆపరేషన్ చేసిన డాక్టరుకు 75. మత్తు డాక్టరుకు 25. నర్సుకు 15. ఆమె చాయ బిస్కెట్లకు 10. దారిద్ర్యరేఖకు ఎగువన ఉన్న ఆమెకైతే చేతికిచ్చేది 250 మాత్రమే. మన పిల్లల స్కాలర్‌షిప్ పైసలకు ఏండ్లు ఏండ్లు తిప్పే సర్కారు, మనం ఇంకో బిడ్డను కనకుండా ఉంటే మాత్రం ఎగువోళ్ళకంటే రెండింతలు పైన ఇస్తానంటది! ఎవరి పిల్లలు తగ్గాలని కోరుకుంటున్నారో ఈ రెండు అంకెల్లోనే ఉంది.

రేట్లు తర్వాత కొన్ని రాష్ట్రాల్లో పెరిగినై. తల లెక్కన ఇచ్చే పద్ధతి పోలేదు. మనకు ఈ పద్ధతి కొత్తదా? పత్తి ఏరితే కిలో లెక్క. కిలో లెక్కన కూలి అంటే చెయ్యి ఎంత తొందరగా ఆడితే అంత పైస, కాయ పగిలిందా, పచ్చిదా, చెత్త కలిసిందా చూసే తీరిక ఉండదు. పత్తి చేనుల ఆ తొందర వల్ల పత్తి కరాబైతది. ఆపరేషన్ గదిలో ఆ తొందర వస్తే మనిషి చస్తది.

ఎట్ల చస్తదో వివరంగా తెలుసుకోవాలె, ఎందుకంటే ఇది మనకు అర్థం కాదన్న ధైర్యంతోనే ఇదంతా నడుస్తున్నది. ఒక ఆడమనిషి పొట్టలోకి పోయి వచ్చిన దుర్బిణి గొట్టాన్ని ఇంకొకరి పొట్టలోకి పంపే ముందు కడిగి, సూక్ష్మక్రిములను చంపే మందు ద్రావణంలో 20 నిమిషాలు ముంచి ఉంచాలె. ఆ తర్వాత శుద్ధమైన నీళ్ళతో కడగాలె. సర్కారు సొంత నియమం ఏమంటదంటే, ఒక బృందం ఒక రోజుకు 30 ఆపరేషన్లకు మించి చేయరాదు, అది కూడా మూడు గొట్టాలు ఉంటేనే, ఒక్కో గొట్టంతో పదికి మించరాదు. లెక్క వేసి చూడండి. ఒక్కో గొట్టం పది ఆపరేషన్లకు వాడితే ముంచి ఉంచే టైమే మూడు గంటల పైన. ఆపరేషన్ టైము వేరే. పొద్దున పదకొండుకు మొదలుపెట్టి బువ్వ యాళ్ళకల్లా ముప్పై మందిని లేపి పంపినరంటే ఎక్కడో నిమిషాలు దొంగిలించినట్టే. ఇబ్రహీంపట్నంలో 34 మంది. 30 అనే గీత దాటి నలుగురు. చనిపోయింది కూడా నలుగురే. ఆ నలుగురూ ఈ నలుగురూ ఒకటి కాదు, మాకు తెలుసు. కానీ గీత ఎందుకు గీశారో ఆ గీత దాటినోళ్ళకు తెలియదా?

తెలియదనడానికి లేదు. ఇదే దేశంలో 2014 నవంబరులో ఛత్తీస్‌గఢ్ రాష్ట్రం బిలాస్‌పూర్ జిల్లాలో ఒక్క డాక్టరు కొన్ని గంటల్లో 83 మంది ఆడవాళ్ళకు ఆపరేషన్ చేశాడు. వాడకంలో లేని ఒక ప్రైవేటు ఆసుపత్రి భవనంలో. పదమూడు మంది దాకా చనిపోయారు. అందులో ఎక్కువ మంది దళిత, ఆదివాసి, వెనుకబడిన కులాల ఆడవాళ్ళే. విచిత్రం ఏందంటే, ఆ డాక్టరు 50 వేల ఆపరేషన్లు చేశాడని అదే సంవత్సరం జనవరిలో ఆ రాష్ట్ర ప్రభుత్వం సన్మానం చేసింది. ఎన్ని చేశాడని లెక్కపెట్టి శాలువా కప్పినోళ్ళు, ఎట్ల చేస్తున్నడని ఒక్కనాడన్న చూసినరా?

అంతకు ముందు, 2012 జనవరి 7న, బీహార్ రాష్ట్రం అరరియా జిల్లాలో ఒక సర్కారు బడిలో రాత్రి పూట 53 మందికి రెండు గంటల్లో ఆపరేషన్లు చేశారు. బడి బల్లల మీద, టార్చిలైటు వెలుగులో. దాని మీద దేవికా బిశ్వాస్ అనే ఆరోగ్య హక్కుల కార్యకర్త సుప్రీంకోర్టుకు పోయింది. 2016 సెప్టెంబరు 14న తీర్పు వచ్చింది. 2010 నుంచి 2013 దాకా ఈ ఆపరేషన్ల వల్ల 363 మంది చనిపోయారన్న లెక్క ఆ తీర్పులో ఉంది. పునరుత్పత్తి హక్కు, ఆరోగ్య హక్కు రాజ్యాంగం 21వ అధికరణంలోని జీవించే హక్కులో భాగమని కోర్టు చెప్పింది. మూడేళ్ళలోపు ఈ క్యాంపుల పద్ధతినే బంద్ పెట్టాలని చెప్పింది.

మూడేళ్ళు అంటే 2019 సెప్టెంబరు. ఇబ్రహీంపట్నం క్యాంపు జరిగింది 2022 ఆగస్టులో.

దీన్ని మేము ప్రమాదం అనం. దేశంలో అన్నిటికన్నా పెద్ద కోర్టు ఆపమన్న పనిని ఆపకుండా చేసి మనుషుల్ని చంపడాన్ని ప్రమాదం అంటే, వద్దన్న చోట బావి తవ్వి మూత పెట్టకుండా పోయినోని తప్పు కూడా ప్రమాదమే అయితది. ఊరి దొర కోర్టు మాట వినకపోతే మనం కేసు పెడతం. సర్కారే వినకపోతే?

ఇక్కడ పట్నం మేధావులు ఒక వాదం తెస్తరు. హక్కుల గోల ఎక్కువైతే ప్రజారోగ్య కార్యక్రమాలు నడవవు, అందరి మేలు కోసం ఒకరిద్దరికి ఇబ్బంది తప్పదు అని. ఆ ఒకరిద్దరు ఎప్పుడూ మన ఇండ్ల నుంచే ఎందుకు పోవాల్నో వాళ్ళు చెప్పరు. పైగా ఆ వాదం తప్పు అని మన తెలంగాణలోనే రుజువైంది. 2009లో ఖమ్మం జిల్లాలో పది నుంచి పద్నాలుగేళ్ళ ఆడపిల్లలు సుమారు 14 వేల మందికి గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా హెచ్.పి.వి. టీకా వేశారు. పాథ్ అనే అమెరికా సంస్థ, ఐసీఎంఆర్, రాష్ట్ర ప్రభుత్వం కలిసి చేసిన పని అది. ఎక్కువగా ఆదివాసి, దళిత పిల్లలు. చాలామంది హాస్టళ్ళలో ఉన్నోళ్ళు. అనుమతి పత్రాలు తీసి చూస్తే, 9,543 పత్రాల్లో 2,763 మీద హాస్టల్ వార్డెన్లే సంతకాలు పెట్టారు. 1,948 మీద వేలిముద్రలు. తల్లిదండ్రులు ఊర్లో ఉండగానే వార్డెను సంతకం! కొందరు పిల్లలు చనిపోయారన్న వార్తల మీద 2010 ఏప్రిల్లో ఆ కార్యక్రమం ఆపేశారు. ఆ చావులకు టీకాతో సంబంధం లేదని విచారణ కమిటీ చెప్పింది. అయినా అనుమతి తీసుకున్న తీరు తప్పేనని 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం గట్టిగా తప్పుపట్టింది.

ఆ టీకా చెడ్డదని మేము అనడం లేదు. ఆ క్యాన్సరుతో మన ఆడవాళ్ళు ఎంత నరకం పడి పోతరో వాడల్లో ఉన్నోళ్ళకు తెలుసు. అడిగి, చెప్పి, తల్లి చేత సంతకం పెట్టించుకొని వేసి ఉంటే తల్లులే ముందుండి వేయించేవాళ్ళు. అడగకుండా వేశారు కాబట్టి ఏండ్ల తరబడి ఆ టీకా పేరు చెబితేనే జనం బెదిరిపోయారు. హక్కు అడ్డం వచ్చి ప్రజారోగ్యం ఆగిందా, హక్కును తొక్కి ప్రజారోగ్యాన్నే చెడగొట్టుకున్నారా? ఇబ్రహీంపట్నం తర్వాత కూడా అంతే. ఆపరేషన్ అవసరమున్న ఆడమనిషి ఇయ్యాల భయపడి పోతలేదు. ఆ భయానికి మన అజ్ఞానం కారణం కాదు.

ఇగ ఇంకో ముచ్చట ఉంది, అది నవ్వాల్నో ఏడ్వాల్నో తెలియనిది. 1994 ఆంధ్రప్రదేశ్ పంచాయతీరాజ్ చట్టంలో ఇద్దరి కంటే ఎక్కువ పిల్లలుంటే పంచాయతీ ఎన్నికల్లో నిలబడే హక్కు లేదని రాశారు. తెలంగాణ వచ్చినంక 2018 చట్టంలో కూడా దాన్ని అట్లనే ఉంచారు. ఎమ్మెల్యేకు లేదు, ఎంపీకి లేదు, మంత్రికి లేదు ఆ నియమం. వార్డు మెంబరుకు, సర్పంచుకు మాత్రం ఉండె. మన వాడకు ఒక రిజర్వుడు సీటు వస్తే, మూడో బిడ్డ ఉందని మన అక్కను పక్కకు తోసినరు. మగబిడ్డ కావాలని మూడోసారి కనిపించింది అత్తమామలు, మొగడు. హక్కు పోయింది ఆమెది.

ఇప్పుడు చూడండి. తెలంగాణలో ఒక స్త్రీకి సగటున పుట్టే పిల్లల సంఖ్య 1.8కి వచ్చింది. జనాభా తగ్గితే పార్లమెంటు సీట్లు తగ్గుతయని, ముసలోళ్ళు ఎక్కువైతరని దక్షిణాది నాయకులకు బెంగ పట్టుకుంది. 2024లో చంద్రబాబు నాయుడు ఎక్కువ మంది పిల్లల్ని కనండి అని చెప్పడం మొదలుపెట్టిండు. అదే ఏడు ఆంధ్రప్రదేశ్‌లో ఆ ఇద్దరు పిల్లల నియమం ఎత్తేశారు. 2025 అక్టోబరులో తెలంగాణ మంత్రివర్గం కూడా ఎత్తేయాలని నిర్ణయించింది. నియమం పోవడం మంచిదే. కానీ నిన్న కోసుకో అన్నోడు, ఇయ్యాల కను అంటున్నడు. ఈ రెండు మాటల నడుమ ఆ అక్కను ఎవడన్నా అడిగిండా, నీకేం కావాలె అని? వాళ్ళకు సీట్లు తక్కువైతే మా కడుపు పండాలె, వాళ్ళకు బియ్యం తక్కువైతే మా కడుపు ఎండాలె!

ప్రజారోగ్యాన్ని మెరుగుపరచడం ప్రభుత్వ ప్రాథమిక బాధ్యత అని రాజ్యాంగం 47వ అధికరణం చెప్తది. అది ఆదేశిక సూత్రం, దాన్ని పట్టుకొని నేరుగా కోర్టుకు పోలేమని వకీళ్ళు అంటరు. కానీ 21వ అధికరణం పట్టుకొని పోవచ్చు. పోయినోళ్ళు కూడా మనలాంటోళ్ళే. 1992లో పశ్చిమ బెంగాల్‌లో రైలు నుంచి పడ్డ ఒక కూలీని ఒక్కో సర్కారు దవాఖాన మంచాలు లేవని తిప్పి పంపితే, అక్కడి వ్యవసాయ కూలీల సంఘం సుప్రీంకోర్టు దాకా పోయింది. ప్రాణాపాయంలో వైద్యం ఇవ్వకపోవడం జీవించే హక్కును భంగపరచడమే అని 1996లో తీర్పు తెచ్చుకుంది. 2000లో హర్యానాకు చెందిన సంత్ర అనే కూలి మహిళ కేసు ఇంకొకటి. రెండు గొట్టాలకు చేయాల్సిన ఆపరేషన్ ఒక్క గొట్టానికే చేసి పంపితే మళ్ళీ బిడ్డ పుట్టింది. 54 వేల రూపాయల పరిహారం ఇవ్వాల్సిందేనని సుప్రీంకోర్టు చెప్పింది. ఆపరేషన్ ఫెయిలైతే, తిప్పలైతే, ప్రాణం పోతే పరిహారం ఇచ్చే పథకం కేంద్రానిది ఇప్పటికీ ఉంది. దానికి గడువు ఉంటది, దరఖాస్తు ఆ దవాఖాన నుంచే పోవాలె. ఎంతమందికి చెప్పినరు?

కాబట్టి మర్పల్లి మండలం వాడల్లో మేము చెప్పేది ఇది. క్యాంపుకు పోవద్దు. ఆపరేషన్ కావాలనుకుంటే వారంలో ఖాయంగా ఒక రోజు, కొద్దిమందికి, పూర్తి దవాఖానలో చేసే ఏర్పాటు అడగాలె. 2023లో వికారాబాద్‌కు సర్కారు మెడికల్ కాలేజీ వచ్చింది. డాక్టర్లు లేరు, అందుకే ఒక్కనాడే అందర్నీ పోగేస్తున్నం అనే సాకు ఇగ చెల్లదు. అనుమతి ఫారం తెలుగులో ఉండాలె, చదివి వినిపించాలె, నకలు చేతికియ్యాలె. మొగని సంతకం అక్కర లేదు, ఆడమనిషి నిర్ణయం చాలు. బల్ల మీదికి ఎక్కే ముందు వద్దు అన్నా ఆమెకు రావాల్సిన ఏ పథకమూ ఆపరాదు. 22 ఏండ్లు నిండాలె, చిన్న బిడ్డకు ఏడాది దాటాలె. ఆపరేషన్ అయినంక 48 గంటల్లో ఒకసారి, ఏడో రోజు ఒకసారి చూడాల్సింది వాళ్ళే. ఏడో రోజుకే మన ఆడవాళ్ళు కలుపుకు పోతున్నరంటే, కూలి పోతే పొయ్యి మండదు కాబట్టి. ఆ రోజుల కూలి కూడా లెక్కలోకి రావాలె.

ఆశ అక్కల మీద కోపం తెచ్చుకోవద్దని మా మనవి. ఆమె మన వాడ బిడ్డే. జీతం లేదు, పారితోషికం ఉంది. పైనుంచి వచ్చే ఒత్తిడి ఆమె నెత్తిమీదికి దిగి, అక్కడి నుంచి మన గడపలోకి వస్తున్నది. ఒత్తిడి చేసేటోన్ని విడిచిపెట్టి ఆమెతో పంచాయితీ పెట్టుకుంటే వాళ్ళకే లాభం.

2005 సుప్రీంకోర్టు ఆదేశం ప్రకారం ప్రతి జిల్లాలో ఈ ఆపరేషన్ల నాణ్యత చూసే కమిటీ ఉండాలె. వికారాబాద్ జిల్లా కమిటీలో ఎవరున్నరు, 2016 నుంచి ఎన్నిసార్లు కూర్చున్నరు, ఎన్ని ఆపరేషన్లు అయినై, ఎన్ని ఫెయిలైనై, ఎందరికి పరిహారం అందింది, ఇవన్నీ సమాచార హక్కు కింద అడుగుతున్నం. వచ్చిన జవాబు, లేదా రాని జవాబు, ఈ పేజీల్లోనే వేస్తం.

అప్పటిదాకా, ఆపరేషన్ చేయించుకొని నడుమునొప్పి, రక్తం పోవుడు, మళ్ళీ కడుపు రావుడు వంటి తిప్పలు పడుతున్న అక్కలు ఈ పత్రిక తెచ్చిచ్చే మన కార్యకర్తను కలవండి. దవాఖాన కాగితాలు ఉంటే తీసుకొని రండి. కాగితాలు లేకుంటే ఏ దవాఖాన, ఏ నెల, బిడ్డకు అప్పుడు ఎన్నేండ్లు, ఇంత యాది చేసుకొని వచ్చినా సరే.